ఉగోయె మరిది

సిల్వానస్ మీసం పెంచడం, యుద్ధం మొదలవడం ఒకే నెలలో జరిగాయి. రెండింట్లో ఏది ముందని ఎవరైనా అడిగితే, మీసమే ముందని అతని వదిన ఉగోయె చెప్పేది. యుద్ధం రాబోతోందని ఎవరో అతనికి ముందుగానే కబురు పెట్టి ఉంటారని, దానికి తగినట్టు మొహం సిద్ధం చేసుకున్నాడని ఆమె అనుమానం.

అంతకుముందు అతను చేసిన ఉద్యోగం పెద్దదేమీ కాదు. వాళ్ల ఊరు ఉమువారాలో సంత పక్కన పామాయిల్ కొనే డిపో ఒకటి ఉండేది. చుట్టుపక్కల ఆడవాళ్లు నూనె డబ్బాలు నెత్తిన పెట్టుకుని వచ్చి అక్కడ తూకం వేయించుకునేవారు. కాటా దగ్గర నిలబడి రాళ్లు మార్చడం సిల్వానస్ పని. ఇంటి దగ్గర నిండుగా ఉన్న డబ్బా అతని కాటా ఎక్కగానే ఎందుకో తేలికైపోయేది. డిపో వాళ్లు అతనికి రెండు జేబుల ఖాకీ చొక్కా ఒకటి ఇచ్చారు. నైజీరియా నుంచి తూర్పు ప్రాంతం విడిపోయి బయాఫ్రా దేశమయ్యాక డిపోకి తాళం పడింది. కాటాని లారీలో తీసుకెళ్లిపోయారు. చొక్కా మాత్రం తిరిగి ఇవ్వడం సిల్వానస్ మరిచిపోయాడు.

మీసం, ఖాకీ చొక్కా కుదిరాక ఎక్కణ్ణుంచో ఒక ఈల సంపాదించి మెడలో వేసుకున్నాడు. ఆ మూడూ చూసి ఊరివాళ్లు అతన్ని ఊరి కాపలా దళానికి నాయకుణ్ణి చేశారు. చేశారనడం కూడా పూర్తిగా నిజం కాదు. నాయకుడెవరని సభలో అడిగినప్పుడు అతను లేచి నిలబడ్డాడు, మిగతావాళ్లు కూర్చునే ఉన్నారు.

ఉగోయె భర్త ఒన్వుమెరె సిల్వానస్‌కి అన్న. సంతలో సైకిళ్లు బాగుచేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా పంక్చర్ వేయించుకుని మళ్లీ వారం ఇస్తానంటే తల ఊపేవాడు, అసలు ఇవ్వనన్నా తల ఊపేవాడు. వాళ్లకు పుట్టిన పిల్లలిద్దరూ పాలు మరవకముందే పోయారు. ఇంట్లో మిగిలింది భార్యాభర్తలు, అత్తగారు ఉదెన్వా, అదే వాకిట్లో వేరే గదిలో ఉండే ఈ సిల్వానస్. ఉగోయె సబ్బు చేసేది. పామ్ గెలల పొట్టు కాల్చి, ఆ బూడిదను బుట్టలో పోసి నీళ్లు వడగట్టి, నూనెతో కలిపి పెద్ద కుండలో ఉడికించేది. ఆ నల్లసబ్బు కోసం ఓర్లూ సంత నుంచి కూడా మనుషులు వచ్చేవారు.

యుద్ధం తొలి ఎండాకాలంలో, ప్రతి వాకిలి నుంచీ ఒక మగవాణ్ణి పంపాలని సైన్యం నుంచి కబురొచ్చింది. ఎవరెవరు వెళ్లాలో ఊళ్లోనే తేల్చుకోమన్నారు. ఆ తేల్చే పని సిల్వానస్ తన మీద వేసుకున్నాడు.

పొద్దున్నే ఉగోయె కుండ కింద మంట ఎగదోస్తుంటే వచ్చి, కాల్చిన పెండలం ముక్క నములుతూ పక్కన నిలబడ్డాడు.

"మన వాకిలి నుంచి అన్నయ్య పేరు చెప్పాను వదినా."

"నీ పేరో?"

"నేను ఊరిని కాయాలి కదా. నేను పోతే ఇక్కడ ఎవరున్నారు?"

"మేకలున్నాయిగా" అంది ఉగోయె.

గడప మీద కూర్చుని ముక్కుపొడుం పీలుస్తున్న ఉదెన్వాకు పొలమారింది. సిల్వానస్ మొహం మాడ్చుకుని, ఈల సర్దుకుని వెళ్లిపోయాడు.

ఉగోయె భర్తను నిలదీసింది. వెళ్లనని చెప్పమంది. అతను సైకిల్ చక్రం తిప్పి, పుల్లలు ఒక్కొక్కటే వేలితో మీటి చూస్తూ, "వాడు పేరు చెప్పేశాడు కదా. ఇప్పుడు నేను కాదంటే నలుగురిలో వాడి పరువు పోతుంది" అన్నాడు. భర్త మీద ప్రేమ ఉన్నా లేకపోయినా, ఆ ఒక్క మాటను మాత్రం ఉగోయె జీవితంలో క్షమించలేదు. తమ్ముడి పరువు కోసం ప్రాణం మీదకు తెచ్చుకునే మనిషితో ఏం వాదించాలో ఆమెకు తోచలేదు. వెళ్లే రోజున అతను కాస్త జావ తాగి, బడిపంతులు సైకిల్‌కి బ్రేకు కట్టలేదు, పాపం వాలులో పడతాడేమో చెప్పు, అని వెళ్లాడు. ఊరి చివర కుర్రాళ్ల చేతికి తుపాకుల బదులు కర్రలిచ్చి నడిపించుకుపోయారు. సిల్వానస్ ముందు నడుస్తూ ఈల ఊదాడు. రోడ్డు మలుపు దాకా ఊది, వెనక్కి వచ్చేశాడు.

ఆ తరువాత కాలమంతా ఉప్పు లేని కాలం. యుద్ధం తొలి ఏడు ఉప్పును చిటికెలతో వాడారు. రెండో ఏడు కాగితంలో చుట్టి దాచుకుని పండగలకు తీశారు. ఆపైన అది కథల్లోని వస్తువైపోయింది. కర్రపెండలం ఆకు ఉడికించి తిన్నారు. బల్లుల్ని పిల్లలే కాదు, పెద్దవాళ్లూ గురిచూసి కొట్టారు. బడి మూసేసి, యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లను అందులో పెట్టారు. చర్చి దగ్గర వారానికోసారి పాలపొడి, ఎండు చేప పంచేవారు. వరసలో నిలబెట్టడానికి సిల్వానస్ ఈలతో వెళ్లేవాడు. వచ్చేటప్పుడు ఖాకీ చొక్కా జేబులు ఉబ్బి ఉండేవి.

ఆ జేబుల్లోంచి ఒక చేప ముక్క తీసి తల్లికిచ్చేవాడు. "నువ్వు తిను, ఇంకెవరికీ చెప్పకు" అనేవాడు. అతను గది తలుపు వేసుకోగానే ఉదెన్వా ఆ ముక్కను కోడలి కుండలో వేసేది. "వాడిచ్చాడని గుర్తు పెట్టుకోకు, ముద్ద దిగదు" అనేది. ఇద్దరూ కలిసి తినేవారు. చేప చేపే, తెచ్చినవాడితో దానికి సంబంధం లేదని ఉగోయె తనకు తాను చెప్పుకునేది. ఒక్కోసారి ముద్ద దిగేది కాదు. అయినా మింగేది.

ఊరి మొదట్లో సిల్వానస్ రోడ్డుకి అడ్డంగా రెండు తారు డబ్బాల మీద వెదురు బొంగు పెట్టించాడు. వచ్చేపోయే ఆడవాళ్ల గంపలు దింపించి వెతికేవాడు. మగవాళ్లు తక్కువగా వచ్చేవారు, వచ్చినా సైనికులై ఉండేవారు. వాళ్లు కనబడగానే బొంగు దానంతటదే పైకి లేచేది. ఆడవాళ్లకు మాత్రం లేచేది కాదు. ఆ రోజుల్లో ద్రోహి అన్న మాట చాలా చవక. పక్కింటివాడి మీద కోపమొస్తే ద్రోహి. కోడి తిరిగి ఇవ్వకపోతే ద్రోహి. ఒకరోజు ఏటి వైపు నుంచి పారిపోయి వచ్చిన ముసలామె ఒకతె అతనికి దొరికింది. ఆమె యాస వేరు, మాట సగం అర్థం కాదు. నెత్తి మీది కుండలో ఆకులో చుట్టిన నల్లటి ముద్దలున్నాయి. సిల్వానస్ మూత తీసి వాసన చూసి వెనక్కి గెంతాడు. బాంబు మందు తెస్తోందని ఈల ఊది జనాన్ని పోగుచేశాడు. ముసలామెను ఎండలో నిలబెట్టి, కుండ నెత్తి మీద నుంచి దింపనివ్వలేదు.

ఆకు కోసుకుని అటుగా వస్తున్న ఉగోయె ఆగింది. జనాన్ని తోసుకుని వెళ్లి, కుండలో చెయ్యి పెట్టి, ఒక ముద్ద గిల్లి నోట్లో వేసుకుంది.

"ఏం చేస్తున్నావు వదినా" అంటూ సిల్వానస్ డబ్బా వెనక్కి వంగాడు.

"పులియబెట్టిన గింజల ముద్ద. కూరలో వేస్తే వాసనొస్తుంది. పేలదు." ఇంకాస్త చప్పరించింది. "మీ అమ్మ వండగా చిన్నప్పట్నుంచీ తిన్నావు. కాటా పక్కన నిలబడి నిలబడి నీకు తిండి ఏదో మందు ఏదో తెలీకుండా పోయింది."

జనం నవ్వారు. సిల్వానస్ బొంగు ఎత్తించక తప్పలేదు. ముసలామె వెళుతూ ఒక ముద్ద ఉగోయె చేతిలో పెట్టింది. అది ఆమె దగ్గర మిగిలిన ఆస్తిలో పెద్ద భాగమే అయి ఉంటుంది. ఆమె ఎటు పోయిందో, బతికిందో లేదో ఉమువారాలో ఎవరికీ తెలియదు.

విమానాలు వచ్చినప్పుడు జనాన్ని హెచ్చరించడం నాయకుడి బాధ్యత. సిల్వానస్ ఆ బాధ్యత తప్పలేదు. కాకపోతే ముందు కందకంలోకి దిగి, లోపల మూలకు చేరి, అక్కణ్ణుంచి ఊదేవాడు. పరుగెత్తలేని ఉదెన్వా వాకిట్లోనే నారింజ చెట్టు మొదట్లో కూర్చుని, "నా కొడుకు ఈల పాతాళంలోంచి వినబడుతోంది. అంటే విమానం ఇంకా దూరంగానే ఉంది" అనేది. ఆమె లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఆ వానల్లో ఒన్వుమెరె మరణవార్త వచ్చింది. తెచ్చినవాడు ఒంటికాలి సైనికుడు, కర్ర ఊతంతో నడుచుకుంటూ వచ్చాడు. ఒన్వుమెరె ఎక్కడ ఎలా పోయాడో ఉగోయె అడిగింది. "వాగు దాటుతుంటే. నా వెనకే ఉన్నాడు. అప్పుడు నాకు రెండు కాళ్లుండేవి" అన్నాడు ఆ మనిషి. ఉగోయె అతనికి ఉన్నదాంట్లో జావ కాచి పోసింది. అతను తాగుతున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, ఇంకేమైనా చెబుతాడేమోనని చూసింది. అతను ముంత ఖాళీ చేసి కర్ర అందుకున్నాడు.

ఉగోయె తల గొరిగించుకుని నల్లబట్ట కట్టింది. సిల్వానస్ గుండెలు బాదుకుని అందరికంటే గట్టిగా ఏడ్చాడు. ఏడుపు ముగిశాక సభ పెట్టి, ఈ వాకిలి దేశానికి ఒక వీరుణ్ణి ఇచ్చిందని మాట్లాడాడు. ఇచ్చింది అన్న మాట దగ్గర తన రొమ్ము చూపించుకున్నాడు. ఉగోయె లేచి లోపలికెళ్లి, బూడిద బుట్టలో నీళ్లు పోసింది. ఆ నీళ్లు చుక్కచుక్కగా దిగుతున్న చప్పుడు వింటూ అక్కడే ఉండిపోయింది.

పక్క వాకిలి కొలెట్ ఆమెకు తోడొచ్చేది. కొలెట్ విధవరాలు, అఫామ్ అని ఒక్కడే కొడుకు. మీసాలింకా రానివాడు. సైన్యం మళ్లీ మనుషుల్ని అడిగినప్పుడు కొలెట్ కొడుకును అటక మీద ఎండు గడ్డి వెనక దాచింది. దాచిన సంగతి ఎవరికీ తెలియకూడదు. సిల్వానస్ వాళ్లింటికి నిప్పు అడగడానికి వెళ్లి, అటక వైపు చూసి, ఏమీ అనకుండా వచ్చేశాడు. మర్నాడు సైనికులు నేరుగా వచ్చి నిచ్చెన వేశారు.

దాక్కోవడం తప్పని ఉగోయె ఎప్పుడూ అనుకోలేదు. ఆ కాలంలో సగం ఊరు దాక్కునే ఉంది. వెదురు పొదల్లో గొయ్యి తవ్వుకుని ఉన్న ఇద్దరికి ఆమె స్వయంగా ఆకులో చుట్టి తిండి మోసింది. చావంటే భయపడ్డ మనిషిని చూసి ఆమెకు జాలే కలిగేది. ఆమెకు రోత పుట్టింది ఈ ఒక్కడి మీదే. ఇతను భయాన్ని మూటగట్టి ఇతరుల నెత్తిన పెట్టి, తను తేలిగ్గా తిరిగేవాడు.

ఆఖరి ఏడు వచ్చేసరికి పేర్లు అడగడం, వాకిలికి ఒకరనడం పోయింది. సైనికులు లారీ ఆపి, దొరికిన మగవాణ్ణల్లా ఎక్కించుకునేవారు. ఒక ఉదయం రోడ్డు మీది వెదురు బొంగు దగ్గరే లారీ ఆగింది. సిల్వానస్ బొంగు ఎత్తి సలాం కొట్టి, తను నాయకుణ్ణని చీటీ చూపించాడు. సార్జెంటు ఆ చీటీ తీసుకుని, అందులో పొగాకు పోసి చుట్టుకుని, లారీ ఎక్కమన్నాడు. సిల్వానస్ పొదల్లోకి దూకి పరుగెత్తాడు.

ఉగోయె పెరట్లో ముగ్గురు ఆడవాళ్లు కర్రపెండలం తురుముతున్నారు. ఉగోయె, కొలెట్, కాస్త ఎడంగా పీట మీద ఉదెన్వా. మేకుతో చిల్లులు పొడిచిన రేకుల మీద దుంపను అటూ ఇటూ రాస్తుంటే పాలు కారుతున్నాయి. సిల్వానస్ దడి విరుచుకుని వచ్చిపడ్డాడు.

"వదినా, నన్ను దాచు."

ఎవరూ తురమడం ఆపలేదు.

"వస్తున్నారు వదినా. నా చీటీ తగలేశారు." అతని కళ్లు దండెం మీద ఆరేసిన నల్లబట్ట మీద పడ్డాయి. అది ఉగోయె మైల బట్ట, ఒన్వుమెరె కోసం కట్టింది. అతను దాన్ని లాగబోయాడు.

"దాని మీద చెయ్యి వేశావంటే నేనే కేకేసి పిలుస్తాను" అంది ఉగోయె. గొంతు పెంచలేదు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చివరికి ఉదెన్వా తన పైబట్ట విప్పి విసిరింది. "కట్టుకో."

మీసం ఉంది కదా అన్నాడు సిల్వానస్. ఉగోయె లోపలికెళ్లి, తల గొరిగించుకున్న బ్లేడు తెచ్చింది.

"సబ్బు కాస్త రాయి వదినా. మండుతుంది."

"సబ్బు లేదు" అంది ఉగోయె. అతని మోచేతి పక్కనే కుండెడు సబ్బు ఆరుతోంది. పొడి మొహం మీదే బ్లేడు గీసింది. ఎన్నేళ్ల శ్రమో నాలుగు గీతల్లో ఊడి దుంప తొక్కుల్లో పడింది. ఈల లాగి బూడిద బుట్టలో పూడ్చింది. తలకు గుడ్డ చుట్టి, కొలెట్‌కి పక్కగా కూర్చోబెట్టి, చేతికి రేకు ఇచ్చింది. ఉదెన్వా కొడుకును పైనుంచి కిందికి చూసింది.

"ఒక్క కూతురైనా లేదని ఇన్నాళ్లూ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. ఇలా ఇస్తాడనుకోలేదు" అంది.

సార్జెంటు నలుగురు మనుషులతో పెరట్లోకి వచ్చాడు. బక్కపలచని మనిషి. తుపాకీకి పట్టీ బదులు తాడు కట్టుకున్నాడు, ఒక కాలి బూటు ఒక రకం, రెండోది ఇంకో రకం. వెంట వచ్చినవాళ్లలో ఇద్దరు అఫామ్ ఈడు వాళ్లు. నీళ్లడిగి తాగాడు. ఖాళీ ముంత చేతిలోనే పట్టుకుని వరసగా అందర్నీ చూశాడు.

"ఇటు ఒకడు పరుగెత్తాడమ్మా. చూశారా?"

"పొద్దున్నుంచీ దుంపలే చూస్తున్నాం" అంది ఉగోయె.

"ఈమెవరు?"

"నా ఆడపడుచు. మూగది."

"పెళ్లయిందా?"

"ఎవరు చేసుకుంటారు బాబూ" అంది ఉదెన్వా.

సార్జెంటు దగ్గరికొచ్చి వంగాడు. సిల్వానస్ తల ఎత్తకుండా రేకు మీద దుంపను రాస్తూనే ఉన్నాడు. అతనికి అలవాటు లేని పని. వేళ్లు కోసుకుపోయి తురుము ఎర్రబడుతోంది.

"చిన్నప్పట్నుంచీ తురిమే ఆడదానికి వేళ్లు ఇలా తెగుతాయా?"

కొలెట్ రేకు పక్కన పెట్టింది. ఆమె పెదవులు కదలడం ఉగోయె చూసింది. కొలెట్ చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెప్పే హక్కు ఆమెకు అందరికంటే ఎక్కువే ఉంది. ఉగోయె లేచి నిలబడింది.

"అబ్బాయీ, ఒక సంగతి అడుగుతాను, చెప్పు. నీ వెంట ఉన్న ఈ పిల్లల్లో నీకు ఇష్టమైనవాడు ఎవడైనా ఉన్నాడా?"

సార్జెంటు అర్థంకానట్టు చూశాడు. తరువాత అతని చూపు వెనకనున్న కుర్రాళ్లలో ఒకడి మీదికి వెళ్లింది.

"ఆ పిల్లాడి పక్కన, రేపు గుండ్లు పడుతుంటే, ఈమెను నిలబెడతావా? నీ ఇష్టం. నిలబెట్టేట్టయితే తీసుకుపో, నేనే బట్ట విప్పి ఇస్తాను. కానీ ఈమె పారిపోతుంది. ఒక్కతే పారిపోదు. పోతూ పోతూ ఆ పిల్లాణ్ణి ముందుకు తోసి పారిపోతుంది. ఇంట్లో చూసినదాన్ని చెబుతున్నాను."

సార్జెంటు సిల్వానస్ గొరిగిన మూతి వైపు, బ్లేడు తెగిన చోట ఆరిన నెత్తురు వైపు, పీట కింద ముడుచుకున్న పెద్ద పాదాల వైపు తీరిగ్గా చూశాడు. అతని మొహంలో కోపమేమీ లేదు. సంతలో పుచ్చిన పెండలాన్ని చేతిలోకి తీసుకుని, మళ్లీ కుప్పలోకి వేసే మనిషి చూపు అది.

"వద్దులే. తురమనివ్వండి ఈమెను" అన్నాడు. ముంత ఉగోయె చేతికిచ్చి, మనుషుల్ని తీసుకుని వెళ్లిపోయాడు.

లారీ చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయాక సిల్వానస్ తల ఎత్తాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. చేతులు పట్టుకుని దండం పెడతాడేమోనని ఉదెన్వా ముందుకు వంగింది.

"పరాయివాళ్ల ముందు నా గురించి అలా అంటావా వదినా?" అన్నాడు అతను.

ఉగోయెకు నవ్వు వచ్చింది. "గంపలో ఇంకా సగం ఉంది. తురుము" అంది. అతను గంప ఖాళీ అయ్యేదాకా తురిమాడు. ఆ తురుములో అతని నెత్తురు పడ్డ భాగాన్ని ఉగోయె వేరుచేసి, గుంటలో పారబోసింది. ఆ రోజుల్లో తిండి పారబోయడం ఆమె ఒక్కసారే చేసింది.

కొలెట్ వెళుతూ ఆమె ముందు ఆగింది.

"నా నోరు ఎందుకు నొక్కేశావక్కా?"

"వీడి పక్కన నిలబడే పిల్లాడు నీ అఫామే అయితే?"

"అయితే అయింది. వీడు కూడా అక్కడే చచ్చేవాడు."

తను చేసింది సరైనదో కాదో ఉగోయెకు అప్పుడూ తెలియదు, ఆ తరువాతా తేలలేదు. కొలెట్ చాలాకాలం ఆ వాకిలి తొక్కలేదు.

క్రిస్మస్ వెళ్లిన కొద్దిరోజులకు యుద్ధం అయిపోయింది. బయాఫ్రా లేదు, అందరూ మళ్లీ నైజీరియాయే అన్నారు రేడియోలో. అవతలి సైన్యం ఉమువారా రోడ్డు మీదికి వచ్చేసరికి వాళ్లకు ఎదురుగా మొట్టమొదట కనిపించిన మనిషి సిల్వానస్. తల్లి తెల్లటి తలగుడ్డను కర్రకు కట్టి ఊపుతూ, ఒకటే దేశం, ఒకటే దేశం అని అరుస్తూ నిలబడ్డాడు. రెండో చేతిలో ఉగోయె పెట్టకోడి ఉంది. యుద్ధమంతా ఎవరికీ చిక్కకుండా ఆమె చిట్టుతో, పురుగులతో బతికించుకున్న కోడి. దాన్ని సైనికుల కారు ముందు భాగం మీద కాళ్లు కట్టి పెట్టాడు.

తొలకరి వానలకు ఉదెన్వా పోయింది. ఒళ్లు వాచి, చివరి రోజుల్లో మాట పడిపోయింది. పోయేముందు ఉగోయె చెయ్యి పట్టుకుని తన మంచం వైపు, పొయ్యి వైపు, గడప వైపు చూపించింది. ఇది నీది అని చెప్పిందని ఉగోయె అర్థం చేసుకుంది. సాక్షులు లేరు. ఆ వానల్లోనే ఒక ఉదయం కొలెట్ నిప్పు కోసమని వచ్చింది. చేతిలో పెంకు పట్టుకుని నిలబడి, "రోడ్డు మీద తిరిగొచ్చేవాళ్లంతా వచ్చేశారట అక్కా" అంది. అఫామ్ రాలేదు. ఉగోయె ఆమె చేతిలోంచి పెంకు తీసుకుని పక్కన పెట్టి, పీట వేసింది. ఆ రోజు నుంచి ఇద్దరి పొయ్యీ ఒకటే అయింది.

పంటలు చేతికొచ్చే వేళకు సిల్వానస్ మీసం కూడా చేతికొచ్చింది. ఖాకీ చొక్కా ఉతికించుకుని, కల్లు కుండ ఒకటి మోయించుకుని వంశపు పెద్దల దగ్గరికి వెళ్లాడు. అన్న పోయాడు, మైల తీరింది, ఆచారం ప్రకారం వదినను తను ఏలుకుంటానన్నాడు. ఆమెతోపాటు అన్న పొలం, పనిముట్లు, ఇల్లు కూడా తన కిందికే వస్తాయన్న మాట విడిగా అనలేదు. అనకపోయినా అందరికీ తెలుసు.

పెద్దాయన మడుకా సభ మర్యాద ప్రకారం కోలా కాయ విరిచి అందరికీ పంచి, ఉగోయెను పిలిపించాడు. వంశపు ఆడపడుచుల్లో పెద్దది అడాకు కూడా వచ్చి గోడ పక్కన చాప మీద కూర్చుంది.

"మీ మరిది అడుగుతున్నాడమ్మా. నీకు పిల్లలు లేరు. ఒంటరిదానివి. ఏమంటావు?"

ఆడబట్ట సంగతి ఇప్పుడు బయటపెడుతుందని అక్కడున్న సగంమంది ఎదురుచూశారు. అది ఊరంతటికీ ఎప్పుడో తెలుసు, అయినా ఆమె నోటి నుంచి మళ్లీ వినాలని ఉంది. సిల్వానస్ కూడా దానికే భయపడి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఉగోయె ఆ ఊసే ఎత్తలేదు.

"ఈ వాకిలి నుంచి ఎవరు పోవాలో ఈయనే చెప్పాడు, పెద్దయ్యా. మా ఆయన పోయాడు. ఇప్పుడు మా ఆయన చాప మీదికి ఎవరు రావాలో కూడా ఈయనే చెబుతున్నాడు. పంపేదీ ఈయనే, వచ్చి కూర్చునేదీ ఈయనేనా? ఇదే ఆచారమైతే మీరంతా ఔననండి. నేను ఈ రాత్రికే మా పుట్టింటికి పోతాను."

ఎవరూ ఔననలేదు. కొందరు కోలా కాయ నమలడం కూడా ఆపేశారు. ఆ పెద్దల్లో చాలామంది ఇళ్ల నుంచి ఎవరో ఒకరు సిల్వానస్ ఈల వెనక నడిచి వెళ్లినవారే.

"ఏడవడానికి పనికొచ్చావు గానీ, ఏలుకోవడానికి పనికిరావురా. ఆ కల్లు కుండ ఇక్కడే పెట్టిపో, గొంతు ఎండిపోయింది" అంది అడాకు గోడ పక్క నుంచి.

అయితే పెద్దలు పెద్దలే. పూర్తిగా న్యాయం చేస్తే వాళ్లకు నిద్ర పట్టదు. ఇల్లు, పనిముట్లు ఉగోయెకు వదిలి, పెండలం పొలం సిల్వానస్‌కి ఇచ్చారు. పిల్లలు లేని ఆడదానికి పొలమెందుకన్నారు. ఉగోయె వాదించలేదు. కొలెట్‌తో కలిసి ఓర్లూ సంతలో సబ్బు అమ్మింది. రంగురంగుల సబ్బు బిళ్లలు మళ్లీ దుకాణాలకు వచ్చి నల్లసబ్బును జనం మరిచిపోయాక, భర్త పనిముట్ల పెట్టె తెరిచింది. ఆడది పంక్చర్ వేయడమేమిటని మొదట నవ్వినవాళ్లు, చుట్టుపక్కల ఇంకెవరూ లేక ఆమె దగ్గరికే వచ్చారు. ఆమె భర్తలా తల ఊపేది కాదు. చేతిలో కూలి పడేదాకా చక్రం ఇచ్చేది కాదు.

సిల్వానస్ చాలాకాలం బతికాడు. అలాంటివాళ్లు తిండి విషయంలో జాగ్రత్తగా ఉంటారు. ఊరి సంఘానికి ఒక విడత, బడి కమిటీకి రెండు విడతలు పెద్దగా ఉన్నాడు. ఏడాదికోసారి పిల్లల ముందు కుర్చీలో కూర్చుని, ఉమువారాను ఎలా కాపాడాడో చెప్పేవాడు. ఒక ఏడు కాస్త కుంటడం మొదలుపెట్టాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, నవ్వి ఊరుకునేవాడు. దారిలో ఎదురైతే "బాగున్నావా వదినా" అనేవాడు. ఉగోయె జవాబు చెప్పేది కాదు. ఉమువారాలో పలకరింపు మింగేయడం తిట్టుకంటే పెద్దది. పాతికేళ్లు ఆమె దాన్ని మింగుతూనే ఉంది.

అతను పోయినప్పుడు గోడల మీద రంగు కాగితాలు అంటించారు. ఖాకీ చొక్కా ఫోటో కింద, నిష్క్రమించిన మహావృక్షం, యుద్ధవీరుడు అని అచ్చు వేయించారు. ఫిరంగులు పేల్చారు. రెండు ఊళ్ల నుంచి బ్యాండు వచ్చింది. వాకిలి మనిషి కాబట్టి ఉగోయె వెళ్లక తప్పలేదు. మోకాళ్ల నొప్పులతో కొలెట్ భుజం పట్టుకుని నడుస్తూ వెళ్లి, షామియానా కింద కూర్చుంది. ఒక్కొక్కరే లేచి అతని ధైర్యం గురించి మాట్లాడుతుంటే, అన్నీ చివరిదాకా విన్నది. ఎవరో మైకు ఆమె ముందుకు కూడా తెచ్చారు. వద్దని చేత్తో పక్కకు జరిపింది. వడ్డించినప్పుడు మాత్రం మాంసం రెండుసార్లు వేయించుకుంది.

తిరిగి వస్తుంటే కొలెట్ అడిగింది.

"అంతమంది అన్ని మాటలన్నారు కదక్కా. నీకేమనిపించింది?"

ఉగోయె పళ్ల సందున ఇరుక్కున్న పీచును పుల్లతో తీసి, ఉమ్మేసింది.

"మేక లేతది. బాగా ఉడికింది" అంది.